“టేక్” అను నాంగ్లక్రియ: నానార్థములు, పర్యాయములు

ధాతువు లనేకార్థకములని సంస్కృతవైయాకరణుల సిద్ధాంతము. ఇది సంస్కృతమునకే గాక యన్యభాషలకును జెల్లును. ఏ భాషయందైనను మిక్కిలి వాడుకగల చిన్నక్రియలకే యర్థములు మెండు. శాస్త్రపరిభాషకుఁ జేరిన దీర్ఘపదమునకుఁ దఱచుగా నొక్కటే యర్థముండును. పట్టు, పోవు, కొట్టు మొదలగు వాని యర్థములకు లెక్క తేలదు. ఆంగ్లమున నిట్టి క్రియలలో “టేక్” అనునది యొకటి. 1755వ సంవత్సరమున సామ్యుయల్ జాన్సన్ ప్రకటించిన నిఘంటువునందు దీనికి 130కి మించిన యర్థభేదములు చూపఁబడినవి. కోశరచనయందు మిక్కిలి శ్రమ కలిగించిన సామాన్యక్రియలను బేర్కొనుచు, నాతఁడు పీఠికయందు దీనినిఁ గూడ నెన్నెను. బాలురు మొదటి తరగతులలోనే నేర్చు నీ పదమునకు “తీసికొను” అను నొక్క ప్రతిపదమును జెప్పి యూరకుండుట బోధకునకుఁ దగునా యనునదియే యిచట విచార్యము.

ఈ క్రియ మొదట నాంగ్లేయులది గాదు. ప్రాచీన స్కాండినేవియాభాషలోని “టాకా” అనునది దీనికి మూలము. ఆ దేశములవారు ఇంగ్లండునందు స్థిరపడిన పిమ్మట నిది యాంగ్లమునఁ బ్రవేశించెను. అంతకుముందు ఈ యర్థమున “నిమన్” అను దేశీయక్రియ యుండెను. జర్మనుభాషలోని “నేమెన్” దానికి జ్ఞాతి. క్రొత్తది కాలక్రమమునఁ బ్రాఁతదానిని దొలఁగించెను. చుఱుకైన యను నర్థముగల “నింబుల్”, తిమ్మిరిపట్టిన యను నర్థముగల “నమ్” అను విశేషణములయందు దాని జాడ మిగిలియున్నది. “నమ్” అనఁగాఁ బట్టుకొనఁబడినదని మూలార్థము. తెలుఁగునందును దిమ్మిరి “పట్టినది” యనియే వ్యవహారము.

చేతితోఁ బట్టుట “టేక్” క్రియకుఁ బ్రధానార్థము. తక్కినవన్నియు దానినుండి శాఖోపశాఖలుగా వెలువడినవి. బలముతోఁ బట్టుట యొక శాఖ: కోటను “టేక్” చేయుట యనఁగా ముట్టడించి వశపఱచుకొనుట. ఇచ్చినదానిని గ్రహించుట రెండవది: బహుమానమును బుచ్చుకొనుట. ఒకచోటినుండి వేఱొకచోటికిఁ జేర్చుట మూఁడవది: జాబును తపాలాకచ్చేరికిఁ దీసికొనిపోవుట. లోనికిఁ బుచ్చుకొనుట నాలుగవది: మందు సేవించుట. ఆక్రమించుట యైదవది. ఆసనమును “టేక్” చేయుట కూర్చుండుటయే. ఒక పని గంటకాలమును “టేక్” చేసినదనఁగా దానికి గంట పట్టినదని భావము. మనసుతో గ్రహించుట యాఱవది: ఒకని మాట నొకరీతిగా నర్థము చేసికొనుట, ఒకనిఁ జూచి వేఱొకఁడని భ్రమించుట. ఈ యాఱింటిని నొక్క తెలుఁగుక్రియ మోయఁజాలదు.

నామముతోఁ గూడినపుడు క్రియ తన యర్థమును మఱింత విడుచును. నిప్పు పేరు చేరిన నంటుకొనుట, వేరు పేరు చేరిన నాటుకొనుట, చోటు పేరు చేరిన జరుగుట యని యర్థము. అవ్యయములు చేరినపుడు భేద మింకను వింతగా నుండును. “టేక్ ఆఫ్” అనఁగా వస్త్రము విప్పుట, విమానము నేలవిడిచి యెగయుట; “టేక్ ఆఫ్టర్” అనఁగాఁ దల్లినో తండ్రినో పోలుట; “టేక్ అప్” అనఁగాఁ జేపట్టుట; “టేక్ ఇన్” అనఁగా నాశ్రయమిచ్చుట, మోసగించుట గూడ. సంస్కృతమెఱిఁగినవారి కిది క్రొత్తగాదు. హరణార్థకమగు హృధాతువే యుపసర్గభేదముచే ఆహారము, విహారము, సంహారము, పరిహారము అగుచున్నది. సంస్కృతమున నుపసర్గము ధాతువునకు ముందు నిలుచును; ఆంగ్లమున నీ యవ్యయము సాధారణముగాఁ గ్రియకుఁ బిమ్మట నిలుచును.

ఇఁకఁ బర్యాయములు. 1852వ సంవత్సరమునఁ బీటర్ మార్క్ రోజే ఆంగ్లపదములను అర్థవర్గములుగాఁ గూర్చి పర్యాయకోశమును బ్రకటించెను. ఇట్టి కూర్పున కంతకుముందున్న గ్రంథములను జెప్పుచు, నాతఁడు 1808లో శ్రీరామపురమున ముద్రితమైన కోల్‌బ్రూక్ యాంగ్లానువాదముగల యమరకోశమును బేర్కొనెను. అయినను బర్యాయము లొకదాని స్థానమున నొకటి యెల్లెడల నిలువవు. “రిసీవ్” అనుటకు స్వీకర్త యిచ్ఛతోఁ బనిలేదు. జాబు వచ్చిన నందినట్లే. “యాక్సెప్ట్” అనుటకు సమ్మతి యుండవలెను. “సీజ్” అనుటయందు బలమో త్వరయో యుండును. “గ్రాస్ప్” అనుటయందుఁ బిడికిటి బిగువుండును. “టేక్” వీనిలో దేనిని నియమముగాఁ దెలుపదు. కావుననే యన్నిటికిని దగ్గఱగా నున్నది.

తెలుఁగున “తీసికొను” అనునది తీయు, కొను అను రెండు ధాతువుల కూడిక. ఇందలి కొనుధాతు వాత్మనేపదార్థమును, అనఁగాఁ గ్రియాఫలము కర్తకుఁ జెందుటను, దెలుపును. కాన ఫలము కర్తకుఁ జేరుచోట నీ పదము పొసఁగును: డబ్బు తీసికొనుట, సెలవు తీసికొనుట. నేఁటి వార్తాపత్రికలలోఁ గానవచ్చు “చర్య తీసికొనుట” యందు అధికారికిఁ జేరు ఫలమేదియు లేదు. “చర్య జరుపుట” యన్న సరిపోవును. “పని గంట తీసికొన్నది” యనుటకంటె “గంట పట్టినది” యనుట తెలుఁగు. అన్నిటికంటె వింతయైనది “ప్రమాదము చోటుచేసికొన్నది” యను వాక్యము. ఆంగ్లమునఁ జోటును “టేక్” చేయుట జరుగుటయే. తెలుఁగునఁ జోటుచేసికొనుట తనకై తావు కల్పించుకొనుట. రద్దీగల బండిలోఁ బ్రయాణికుఁడు చోటుచేసికొనును, ప్రమాదము జరుగును.

వాడుకయందు వేరూనిన ప్రయోగముల నన్నిటిని వెలివేయుట సాధ్యముగాదు, అవసరమును గాదు. “శ్రద్ధ తీసికొను” అనునది యిప్పటికిఁ దెలుఁగువారి నాలుకపై నిలిచినది. కాని “పట్టు, చేపట్టు, అంటుకొను, పాల్గొను, నొచ్చుకొను” అను క్రియలుండఁగా వానిని మఱపించి యొక్క పదముచేతనే యన్నిటిని నెట్టుకొనివచ్చినచో, నష్టము తెలుఁగునకే. పాల్గొనుటలోఁ గొనుధాతువు పాలును గ్రహించుచునే యున్నది. ఆంగ్లము “టేక్” చేర్చి చెప్పు భావమును దెలుఁగు తన సొంతసొమ్ముతోనే చెప్పినది.

కావున నాంగ్లాంధ్రకోశములు కూర్చువారు ఇట్టి క్రియలకుఁ బ్రతిపదములను వరుసగాఁ బేర్చుటతోఁ దృప్తిచెందక, ఏ నామముతో, ఏ యవ్యయముతో నే యర్థము గలుగునో యుదాహరణములతోఁ జూపవలెను. తరగతియందు బోధకుఁడు “టేక్ అనఁగా నేమి?” యని యడుగుటకు మాఱుగా “దేనిని టేక్ చేయుట?” యని యడిగినచో, బాలుఁడు రెండు భాషలను నొక్కమాఱే నేర్చును.