ఇంటిల్లిపాదికీ ఒకే ఇంటర్నెట్ కనెక్షన్: ఖర్చు తక్కువ, బాధ్యత ఎక్కువ

2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు మధ్యతరగతి కుటుంబాలకు కొత్త చిక్కు ఎదురైంది. తండ్రికి ఆఫీసు పని, తల్లికి బ్యాంకు వ్యవహారాలు, పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు అన్నీ ఒకే వేళకు వచ్చిపడ్డాయి. ఇంట్లో మాత్రం కనెక్షన్ ఒక్కటే. ఆ ఒక్క కనెక్షన్‌నే నలుగురూ సర్దుకుని వాడుకోవడం నాటి నుంచి అనేక కుటుంబాలకు నిత్యావసరమైంది.

దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో 250 గంటల వినియోగానికి వేల రూపాయలు చెల్లించవలసి వచ్చేది. దానికి టెలిఫోన్ బిల్లు అదనం. కంప్యూటర్ లైనులో ఉన్నంతసేపూ ఇంటికి ఫోన్లు వచ్చేవి కావు. 1998లో ప్రైవేటు సంస్థలకు ఈ రంగంలో ప్రవేశం లభించింది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు ఆ ప్రమాణాన్ని పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఫైబర్‌నెట్ పథకం, తొలినాళ్లలో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ సదుపాయాలను కలిపి అందించింది.

చిరునామా ఒక్కటే

కనెక్షన్ ఇచ్చే సంస్థ సాధారణంగా ఇంటికి ఒకే ఇంటర్నెట్ చిరునామాను కేటాయిస్తుంది. ఇంటి లోపలి కంప్యూటర్లకు రూటర్ వేర్వేరు అంతర్గత చిరునామాలు ఇస్తుంది. ఉమ్మడి కుటుంబానికి వచ్చే ఉత్తరాలను ఎవరివి వారికి అందించే ఇంటిపెద్ద వంటిది ఈ రూటర్. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లు మాత్రమే ఉండడం వల్ల 1994లో ఈ ఉపాయం ముందుకు వచ్చింది. 1999లో విడుదలైన విండోస్ 98 రెండవ ఎడిషన్ ఇదే పనిని మామూలు కంప్యూటర్‌తో చేయించింది. అయితే ఆ మొదటి కంప్యూటర్‌ను ఆపివేస్తే మిగిలిన వాటికీ ఇంటర్నెట్ ఆగిపోయేది.

ఇప్పుడు ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే పెట్టెలోనే సాధారణంగా రూటర్, వై-ఫై రెండూ ఇమిడి ఉంటున్నాయి. కనుక వేరే రూటర్ కొనే ముందు, ఉన్న పెట్టె వెనుక ఎన్ని సాకెట్లున్నాయో చూసుకోవడం మంచిది. కదలని డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు కేబుల్ వేస్తే స్థిరమైన వేగం లభిస్తుంది, వై-ఫై మీద భారమూ తగ్గుతుంది. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. సాకెట్లు చాలకపోతే 5 పోర్టుల చిన్న స్విచ్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది.

వై-ఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి దూరం వెళ్తాయి కాని వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగాల వేగం ఎక్కువ, అయితే కాంక్రీటు గోడల ముందు అవి త్వరగా నీరసిస్తాయి. అందుచేత పెట్టెను బీరువా వెనుక గాక, ఇంటి నడుమ కాస్త ఎత్తులో ఉంచాలి. మేడ మీదికి సిగ్నల్ అందకపోతే అటకెక్కిన పాత రూటర్ అక్కరకు వస్తుంది. చిరునామాలు పంచే పనిని అందులో ఆపివేసి, కేబుల్‌తో మొదటి పెట్టెకు కలిపితే చాలు.

పంపకం వల్ల వేగం పెరగదన్నది మరువరాదు. 40 మెగాబిట్ల కనెక్షన్‌పై నలుగురు ఒకేసారి భారీ ఫైళ్లు దించుకుంటే, మనిషికి దక్కేది సగటున 10 మెగాబిట్లే. పెద్ద ఫైళ్లను రాత్రివేళకు వాయిదా వేసుకుంటే, ఎక్కువ ధర పథకానికి మారకుండానే పని జరుగుతుంది.

పొరుగింటికి ఇస్తే?

బిల్లు సగం పంచుకుందామని పక్కింటివారికి పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు ఉంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఎందరు వాడినా బయటి ప్రపంచానికి కనిపించే చిరునామా ఒక్కటే కనుక, ఏ నేరం జరిగినా దర్యాప్తు ముందుగా కనెక్షన్ ఎవరి పేరున ఉన్నదో వారి గుమ్మానికే వస్తుంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు ఉగ్రవాదులు పంపిన ఇ-మెయిల్, నవీ ముంబయిలో నివసించే ఒక అమెరికా పౌరుని రక్షణ లేని వై-ఫై నుంచి వెళ్లినట్లు దర్యాప్తులో తేలింది. దరిమిలా 2009లో కేంద్ర టెలికాం శాఖ వై-ఫై భద్రతపై ఆదేశాలు జారీచేసింది.

ఇతరులకు ఇంటర్నెట్ పంచదలచిన చిల్లర దుకాణదారులకు చట్టబద్ధమైన మార్గమూ ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద, లైసెన్సు గాని రుసుము గాని లేకుండా వారు పబ్లిక్ వై-ఫై నడుపుకోవచ్చు.

ఇంటి వరకైతే కావలసిన జాగ్రత్తలు కొన్నే. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చాలి. డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణను ఎంచుకోవాలి. బంధుమిత్రుల కోసం వేరే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టుకోవాలి. వీటికి పైసా ఖర్చు లేదు. ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదో తెలుసుకుని ఉండే గృహస్థు, వై-ఫై పాస్‌వర్డ్ విషయంలోనూ అంత జాగరూకత వహించడం అవసరం.