తుఫాను వేళ కరెంటు లేనప్పుడు ఇంటి అక్వేరియం సంరక్షణ

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• కరెంటు పోయినప్పుడు అక్వేరియం నీటిలో ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుందో వివరించగలుగుతారు.
• ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో నిర్ణయించగలుగుతారు.
• ఫిల్టరులోని బాక్టీరియా పాత్రను, కరెంటు తిరిగి వచ్చాక తీసుకోవలసిన జాగ్రత్తలను తెలుపగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలో చాలా ప్రాంతాలకు కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను తరువాత శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతంలోనూ ఇదే పరిస్థితి. అటువంటి రోజుల్లో మనుషుల అవసరాలే ముందు. అయితే ఇంట్లో అక్వేరియం ఉంటే, అందులోని చేపల ప్రాణం కూడా కరెంటు మీదే ఆధారపడి ఉంటుంది. చెరువులో చేప నీరు బాగాలేని చోటు నుంచి మరో చోటికి ఈదుకుపోగలదు. తొట్టిలో చేపకు ఆ అవకాశం లేదు.

కరెంటు పోగానే చాలామంది చేపలకు మేత వేస్తారు. కాని తొట్టిలో మొదట కరువయ్యేది తిండి కాదు, ఆక్సిజన్. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగిలిన జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి.

2. నీటిలో ఆక్సిజన్: రాబడి, ఖర్చు

మనం పీల్చే గాలిలో లీటరుకు సుమారు 275 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాములే కరుగుతుంది. నీరు వేడెక్కినకొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద సుమారు 9, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు. అంటే చేప ఎప్పుడూ చిన్న నిల్వతోనే బతుకుతుంది.

ఈ నిల్వకు రాబడి ప్రధానంగా నీటి ఉపరితలం నుంచి వస్తుంది. ఎయిర్ పంపు వదిలే బుడగల నుంచి నేరుగా కరిగే ఆక్సిజన్ తక్కువే. బుడగలు అడుగు నీటిని పైకి తెచ్చి ఉపరితలాన్ని కదిలించడమే అసలు మేలు. కరెంటు పోతే ఈ కదలిక ఆగిపోతుంది.

ఖర్చు మాత్రం ఆగదు. చేపలు, బాక్టీరియా, కుళ్లుతున్న మేత ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. వెలుతురు లేనప్పుడు నీటి మొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వవు, తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. కొల్లేరు పరిసరాల చేపల రైతులు మబ్బు పట్టిన రోజుల్లో మేత తగ్గించి, తెల్లవారుజామున చెరువు గమనించడానికి కారణం ఇదే.

చేపలు నీటి పైకి చేరి నోరు తెరిచి గుటకలు వేయడం, మొప్పలు వేగంగా ఆడించడం ఆక్సిజన్ లోపానికి గుర్తులు. ఫైటర్, గౌరామి వంటివి గాలిని నేరుగా పీల్చగలవు కనుక కొంత తట్టుకుంటాయి. కొరమీనుకూ ఈ శక్తి ఉంది. గోల్డ్‌ఫిష్‌కు ఆ సౌకర్యం లేదు. గాలి పీల్చే చేప కూడా అప్పుడప్పుడు పైకి రావడం సహజం, దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు.

3. మొదటి గంటల్లో చేయవలసినవి

(అ) మేత పూర్తిగా ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు తిండి లేకుండా ఉండగలవు. చేపపిల్లలను ఆక్సిజన్ సంచుల్లో దూరప్రాంతాలకు పంపేవారు కూడా ముందుగా మేత మానిపిస్తారు. కడుపు ఖాళీగా ఉంటే నీరు త్వరగా పాడవదు.

(ఆ) తొట్టి మూత తీసి, చేపలు ఎగిరిపడకుండా పలుచని వల కప్పండి.

(ఇ) మగ్గుతో తొట్టి నీటినే తీసి, జానెడు ఎత్తు నుంచి తిరిగి పోయండి. అరగంటకోసారి ఐదు నిమిషాలు చేస్తే చాలా మేలు. చేపలు గుటకలు వేస్తుంటే ఇంకా తరచుగా చేయాలి. రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున తప్పక చేయాలి.

(ఈ) బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉంటే వాడండి. అయితే ఆ గదిలో దోమల చుట్ట వెలిగించకండి. చాలా చుట్టల్లో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు తీవ్రమైన విషం, పంపు గదిలోని గాలినే నీటిలోకి పంపుతుంది. మీరు దోమతెర వాడుకోవడం మంచిది.

(ఉ) ఎండాకాలపు గాలివానల్లో నీరు వేడెక్కితే తొట్టి చుట్టూ తడిగుడ్డ కప్పండి. ఐసు ముక్కలు ఒక్కసారిగా వేయకండి, హఠాత్తుగా చల్లబడినా చేపకు ప్రమాదమే.

4. రెండవ ప్రమాదం: అమ్మోనియా

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. ఫిల్టరు స్పాంజి మీద పెరిగే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తరువాత తక్కువ హాని గల నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. మూసి ఉన్న ఫిల్టరులో నీరు ఆగిపోతే కొన్ని గంటల్లోనే అవి నశించడం మొదలవుతుంది. కనుక కరెంటు త్వరగా రాదని తెలిస్తే స్పాంజిని బయటకు తీసి, తొట్టి నీటిలోనే తడిగా, గాలి తగిలేలా ఉంచాలి.

రెండవ రోజు నుంచి అవసరాన్ని బట్టి 20 నుంచి 25 శాతం నీరు మార్చవచ్చు. తుఫాను తరువాత కుళాయి నీటిలో క్లోరిన్ ఎక్కువగా ఉండవచ్చు. క్లోరిన్ పోగొట్టే మందు కలపండి, లేదా ఒక రోజు తెరిచి ఉంచిన నీరు వాడండి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉండవచ్చు కనుక రెండు బకెట్ల మధ్య ఎత్తి పోసి వాడాలి.

5. కరెంటు వచ్చిన తరువాత

రోజంతా ఆగి ఉన్న ఫిల్టరును వెంటనే నడపకండి. లోపల కుళ్లిన నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు. ఆ నీరు పారబోసి, స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీటితో కడిగి, ఆ తరువాతే నడపాలి. నేరుగా కుళాయి నీటితో కడిగితే మిగిలిన బాక్టీరియా కూడా క్లోరిన్ వల్ల చనిపోతుంది. తరువాత కొన్ని రోజులు మేత తగ్గించండి.

6. ముందు జాగ్రత్త

చిన్న ఎయిర్ పంపు సుమారు 4 వాట్లు, సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టరు బ్యాటరీలో 12 × 150 = 1800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. అందులో సగమే వాడినా ఒక ఫ్యాను 12 గంటలు నడుస్తుంది. అదే శక్తి పంపు ఒక్కదానికి లెక్క ప్రకారం 225 గంటలకు సరిపోతుంది. ఇన్వర్టరు తన కోసం వాడుకునే శక్తి వల్ల ఈ సమయం చాలా తగ్గినా, పంపును ఆ లైనుకు కలపడం వల్ల ఇంటికి పడే భారం స్వల్పమే. నీటిని వేడిచేసే హీటరును మాత్రం ఇన్వర్టరుకు కలపకండి.

పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో ఉంచండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టం గుండా నీరు వెనక్కి వచ్చి పంపులోకి, స్విచ్ బోర్డులోకి చేరవచ్చు.

7. సారాంశం

మేత ఆపడం, ఉపరితలాన్ని కదిలించడం, తరువాత నీటి శుభ్రత, చివరగా ఫిల్టరు: ఇదీ వరుస. ఖరీదైన పరికరం లేకపోయినా ఒక మగ్గు, కొంత ఓపిక చేపలను చాలావరకు కాపాడగలవు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బుడగల వల్ల నీటిలో ఆక్సిజన్ ఎలా పెరుగుతుంది?
2. కరెంటు లేని రోజుల్లో మేత ఎందుకు ఆపాలి?
3. ఫిల్టరు స్పాంజిని కుళాయి నీటితో ఎందుకు కడగకూడదు?
4. మీ ఇంట్లో లేదా తెలిసినవారింట్లో ఉన్న ఒక అక్వేరియంను పరిశీలించి, ఒక రోజు కరెంటు లేకపోతే చేయవలసిన పనులను వరుసగా రాయండి.