రెండో రెక్క తీయరేం?

ఒక చేతిలో కాఫీ, చంకలో డ్రాయింగుల చుట్ట. ఎదురుగా రెండు రెక్కల గాజు తలుపు. రెండింటికీ ఒకేలాంటి హ్యాండిళ్లు. మనం లాగేది ఎప్పుడూ గడియ వేసిన రెక్కే! భుజం పట్టేస్తుంది, కాఫీ చొక్కా మీద పడుతుంది. కౌంటర్ దగ్గరున్నాయన తలెత్తకుండానే 'అదర్ డోర్' అంటాడు. అమెరికాలో ఈ మాట వినని తెలుగువాడు ఉంటాడా?

మన ఊళ్లలోనూ రెండు రెక్కల తలుపులే. ఎండ ముదిరితే ఒక రెక్క వేసి ఉంచేవాళ్లం. కానీ ఆ ఇంట్లో ఉండేది ఆరుగురు. గొళ్లెం ఎక్కడుందో ఆరుగురికీ తెలుసు.

మేము కట్టడం పనిలో ఉన్నవాళ్లం, అందుకే ఈ చిరాకు మాకు కాస్త ఎక్కువ. ఒక రెస్టారెంటు లోపలి పనులు మా జట్టే చేసింది. ముందు తలుపు ఫ్రేము లెవెల్ కుదరక రెండు రోజులు కుస్తీ పట్టాం. ఇన్‌స్పెక్టర్ వచ్చి రెండు రెక్కలూ నెట్టి చూశాకే సంతకం పెట్టాడు. కొన్నాళ్లకు శనివారం రాత్రి అక్కడికే భోజనానికి వెళ్లాం. హాలు నిండా జనం. ఒక రెక్క కదలదు. వంగి చూస్తే, హార్డ్‌వేర్ షాపులో కొన్న బోల్టు ఒకటి అడుగున బిగించి ఉంది. మేము వేసిన టైల్‌కే రంధ్రం చేశారు!

ఓనరు మనవాడే. "గాలి తోసుకొస్తోందండీ, హీటింగ్ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. అబద్ధం కాదు. చలికాలంలో తలుపు పక్క టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోరు. కొందరికి దొంగల భయం, ఇంకొందరికి పొద్దున్నే వంగి రెండో గడియ తీయడానికి బద్ధకం.

కానీ తలుపు వెడల్పు ఎవరి ఇష్టానికో వేసింది కాదు. చాలా రాష్ట్రాలు కొద్ది మార్పులతో అనుసరించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం, బయటికి వెళ్లే తలుపుకు సాధారణంగా మనిషికి 0.2 అంగుళాలు లెక్క. 32 అంగుళాల ఖాళీ ఇచ్చే ఒక రెక్క 160 మందికి సరిపోతుంది. రెండో రెక్కను కూడా లెక్కలోకి తీసుకునే హాల్లోకి ఇంతమందిని అనుమతిస్తారు. అది మూసేస్తే లెక్క తప్పినట్టే. ఆఫీసులు, గోదాముల్లాంటి చోట్ల 50 మంది లోపే ఉంటే ఒక రెక్కకు చేతి బోల్టు పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ రెక్కకు నాబ్, పానిక్ బార్ లాంటివి ఉండకూడదు. ఉంటే జనం దాన్నే పట్టుకుంటారని కోడ్ రాసినవాళ్లకు తెలుసు మరి.

ఈ రూల్స్ ఊరికే రాలేదు. 1903 డిసెంబర్ 30న షికాగోలో ఇరోక్వా థియేటర్ తగలబడింది. 'అగ్ని అంటని థియేటర్' అని ప్రకటనలు ఇచ్చుకున్న హాలది, తెరిచి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. కొన్ని తలుపులకు తాళాలు, కొన్నింటి గడియ ఎలా తీయాలో ఎవరికీ తెలియదు. 602 మంది పోయారు. ఆ రోజు ఆ ఆటకు వెళ్లాల్సి ఉండి వెళ్లలేకపోయిన కార్ల్ ప్రింజ్‌లర్, ఇండియానాపోలిస్‌లో వానెగట్ హార్డ్‌వేర్ కంపెనీలో సేల్స్‌మన్. నెడితే చాలు తెరుచుకునే తలుపు కావాలని పట్టుబట్టి, హెన్రీ డుపాంట్ అనే ఆయనతో కలిసి బార్ తయారు చేయించాడు. 1908లో మార్కెట్‌లోకి వచ్చింది. వానెగట్, డుపాంట్, ప్రింజ్‌లర్ పేర్ల ముక్కలు కలిపితే 'వాన్ డుప్రిన్'. ఈసారి బార్ నెట్టేటప్పుడు చూడండి, ఆ పేరు కనిపించవచ్చు.

అయినా తాళాలు ఆగలేదు. 1942లో బోస్టన్ కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్‌లో తిరిగే తలుపు జనంతో బిగుసుకుపోయింది, పక్క తలుపులకేమో తాళాలు. 492 మంది చనిపోయారు. 1991లో నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో చికెన్ ఫ్యాక్టరీ తలుపులకు తాళం వేసి ఉండగా మంటలు లేచి 25 మంది బలయ్యారు. 11 ఏళ్లుగా నడుస్తున్న ఆ ఫ్యాక్టరీలో ఒక్కసారీ సేఫ్టీ తనిఖీ జరగలేదు. పోయినవాళ్లలో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్లే. స్టోర్లలో, కిచెన్లలో పనిచేసే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బయటికి దారి అని గుర్తుపెట్టిన తలుపును లోపలి నుంచి తాళంచెవి, పనిముట్టు, ప్రత్యేక తెలివి ఏవీ అక్కర్లేకుండా తీయగలగాలన్నది ఓషా నియమం. ఓనరుకు చెప్పలేకపోతే ఊరి ఫైర్ డిపార్టుమెంటుకు చెప్పొచ్చు.

ఆ రాత్రి మాకు బిర్యానీ వడ్డించిన కుర్రాణ్ని అడిగాం. "తమ్ముడూ, పొగ కమ్మితే ఈ రెక్క ఎలా తీస్తావు?" వంగాడు. బోల్టు లాగాడు. అది కదల్లేదు. "ఎప్పుడూ తీయలేదన్నా" అన్నాడు. మాలో ఒకడు ట్రక్కులోంచి ప్లయర్ తెచ్చి పట్టి లాగితే గానీ ఊడలేదు. ఓనరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. మారుమాట లేదు.

నిజానికి గాలి ఆపాల్సింది బోల్టు కాదు. తలుపు అడుగున ఉండే రబ్బరు పట్టీ అరిగి వేలాడుతోంది. ఆదివారం వెళ్లి కొత్త పట్టీ కోసి బిగించాం, తలుపు దానంతట మూసుకునే క్లోజర్ కూడా కాస్త బిగించాం. అరగంట పని. డబ్బులిస్తానన్నాడు, టీ చాలన్నాం. బోల్టు ఇప్పుడు ఆయన టేబుల్ సొరుగులో ఉంది. టైల్‌లో రంధ్రం మాత్రం అలాగే ఉండిపోయింది, ఈసారి వెళ్లినప్పుడు పూడ్చాలి.