నిరుటి ధర చూసి ఈ ఏటి విత్తనం

రైతు చేతిలో ఉన్న లెక్క ఒక్కటే: నిరుటి ధర. రాబోయే ధర ఎవరు చెప్పాలి?

2016లో మిర్చి క్వింటాలు పది వేలు దాటింది. అది చూసి ఖమ్మం, వరంగల్, గుంటూరు పల్లెల్లో చిన్న రైతులూ, కౌలుదార్లూ అప్పు తెచ్చి మిర్చే పెట్టారు. పక్క ఊరిలో ఎన్నెకరాలు వేశారో, శీతల గిడ్డంగుల్లో ఎంత నిల్వ ఉందో వాళ్ళకు తెలియదు. 2017 ఏప్రిల్ నాటికి ఖమ్మం యార్డులో ధర మూడు, నాలుగు వేలకు దిగింది. కడుపు మండిన రైతులు యార్డులో తిరగబడ్డారు. అరెస్టయిన రైతులను సంకెళ్ళతో కోర్టుకు తెచ్చారు. ఆ తర్వాత కేంద్రం 5,000 ధరకు కొంటామన్న సరుకు తెలంగాణలో 33,700 టన్నులు, ఆంధ్రలో 88,300 టన్నులు మాత్రమే.

కందిదీ అదే కథ. 2015లో పప్పు కిలో రెండు వందలకు చేరింది. ప్రభుత్వమే కంది వేయమంది. దేశంలో పంట 25 లక్షల టన్నుల నుంచి 48 లక్షలకు పెరిగింది. మరోపక్క 2016 జులైలో మొజాంబిక్ నుంచి కంది దిగుమతికి ఢిల్లీ ఒప్పందం చేసుకుంది. పంట చేతికొచ్చేసరికి యార్డుల్లో 5,050 మద్దతు ధర కూడా దక్కలేదు.

దెబ్బ తిన్న రైతు మరుసటేడు ఆ పంటకు దండం పెడతాడు. సరుకు తగ్గి ధర లేస్తుంది. మళ్ళీ అందరూ అటే పరుగు. ఈ చక్రాన్ని అర్థశాస్త్రం సాలెగూడు అంటుంది. గూట్లో చిక్కేది మనం; నిల్వల లెక్క తెలిసిన పెద్ద వ్యాపారి చిక్కడు.

కూలీలకు దీంతో ఏం పని అంటారా? ధర లేచిన ఏడు ఆసామి కౌలు పెంచుతాడు. పడిన ఏడు తగ్గించడు. ఏరుడు కూలి కూడా గిట్టదని కాయ చేలోనే వదిలేస్తే, మన అక్కచెల్లెళ్ళకు పని దినాలు పోతాయి.

కాబట్టి విత్తనానికి ముందే సాగు, నిల్వ, దిగుమతి లెక్కలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి. అయితే లెక్క తెలిస్తే చాలదు. అప్పున్నవాడు ధర వచ్చేదాకా ఆగలేడు. అందుకే మద్దతు ధర లేని మిర్చికి కూడా ధర ముందే ప్రకటించి, ఆ ధరకు ప్రభుత్వమే కొనాలి. రైతు, కౌలుదారు, కూలీ కలిసి అడిగితేనే అది సాధ్యం.