క్యూ మీద నాలుగు మొనలు ఎందుకు ఎగుడుదిగుడవుతాయి?

ప్రశ్న: రాజమండ్రిలో మాకు లేత్ షాపు ఉంది. రైస్‌మిల్లు షాఫ్టులు, రొయ్యల చెరువుల ఏరేటర్ల పనులు చేస్తాం. పూల్ క్యూలు కూడా చేద్దామని ఒక మిల్లింగ్ మిషన్ చూస్తున్నాం. ఎలాంటిది కొనాలి? ఎలా బిగించుకోవాలి?

జవాబు: స్నూకర్ పుట్టింది 1875లో, మన జబల్‌పూర్‌లో. ఆ కోవకే చెందిన పూల్ ఆట కర్రను గోదావరి ఒడ్డున తయారుచేద్దామని మీకు అనిపించినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. కాకపోతే డబ్బు పెట్టేముందు ఒకటి తేల్చుకోండి. ఈ పనిలో లేత్ చేసేదెంత, మిల్లింగ్ చేసేదెంత?

పూల్ క్యూ పొడవు మామూలుగా 58 అంగుళాలు. చెరి 29 అంగుళాల చొప్పున రెండు ముక్కలు. చేతి కింద సుమారు 32 మి.మీ. మందం, నడుమ జాయింటు దగ్గర 21, తోలు టిప్ దగ్గర 13. ఈ సన్నబడటమంతా లేత్ పని. తరిమెన మీద కర్రను గుండ్రంగా తీయడం మనవాళ్లకు కొత్తేమీ కాదు, ఏటికొప్పాక లక్కబొమ్మలు అలా పుట్టినవే. మిల్లింగ్ మిషన్ అవసరం పడేది క్యూ వెనుక ముక్క ముందుభాగంలో కనిపించే పొడవాటి కోసు మొనల కోసం, పొదుగుడు పని కోసం. సాదా క్యూలతో మొదలుపెడితే మొదటి ఏడాది మిల్లింగ్ లేకుండానే గడుస్తుంది. మొనల క్యూలు చేయాలంటే మాత్రం అది తప్పదు.

ఆ మొనలు అందానికే వచ్చినవి కావు. రెండు కర్రల్ని అడ్డంగా కోసి, కోసిన ముఖాలను ఎదురెదురుగా అతికిస్తే జిగురు నిలవదు. తెగిన నాళాలు జిగురును పీల్చేస్తాయి. అదే ఏటవాలుగా, వేళ్లలో వేళ్లు దూర్చినట్టు కలిపితే నార వెంబడి నార అంటుకుంటుంది, అతుకు విస్తీర్ణమూ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇప్పుడు చాలామంది ముందుభాగంలో నాలుగు గాళ్లు తీసి, వాటిలో నల్లకర్ర పలకలు అతికించి, తర్వాత గుండ్రంగా తీస్తున్నారు. పద్ధతి మారినా పనివాడి చేతిని కొనేవాడు ఇప్పటికీ ఈ మొనల్లోనే చూస్తాడు. నాలుగూ ఒకే ఎత్తులో ఆగాయా లేదా అని చూస్తాడు.

ఎందుకు ఆగవో లెక్క వేసి చూద్దాం. ఒక మొన 220 మి.మీ. పొడవు, మొదట్లో గాడి లోతు 11 మి.మీ., కొసకు వచ్చేసరికి సున్నా అనుకోండి. అంటే 20 మి.మీ. నడిస్తే 1 మి.మీ. వాలు. అందువల్ల గాడి లోతులో 0.1 మి.మీ. తేడా వస్తే మొన కొస 2 మి.మీ. జరుగుతుంది. కర్ర తిరిగే ఇరుసు 0.1 మి.మీ. పక్కకు ఉంటే ఒక వైపు గాడి ఆ మేర లోతు, ఎదుటి వైపు ఆ మేర పైకి. ఒక మొన 2 మి.మీ. ముందుకు పోతుంది, ఎదుటిది 2 మి.మీ. వెనక్కి వస్తుంది. మధ్యలో 4 మి.మీ. తేడా, మూడు అడుగుల దూరం నుంచి చూసినా కనిపించేంత. టేపర్ తీశాక ఈ హెచ్చింపు కాస్త తగ్గుతుంది గానీ పోదు. వాలు తక్కువైన కొద్దీ తప్పు అంతగా పెద్దదవుతుంది. షాఫ్టు పనిలో మీరు పట్టించుకోని చిన్న తేడా ఇక్కడ ఇరవై రెట్లై కంటికి కొడుతుంది.

కాబట్టి మిషన్ ఎంపికలో నేను మొదట చూసేది హార్స్‌పవర్ కాదు, కట్టర్ వేగం. చెక్కకు చాలా వేగం కావాలి. నిలువు మిల్లింగ్‌లో 6 మి.మీ. కట్టర్‌ను 2,700 చుట్ల మీద తిప్పినా అంచు వేగం నిమిషానికి 51 మీటర్లే. కార్పెంటర్ రౌటర్‌లో అదే కట్టర్ 18,000 చుట్ల మీద 339 మీటర్లు పోతుంది. వీ ఆకారపు కట్టర్‌కు ఇంకో చిక్కుంది. దాని మొన సరిగ్గా ఇరుసు మీదే ఉంటుంది కనుక అక్కడ వేగం సున్నా. గాడి అడుగున కర్ర తెగదు, నలుగుతుంది. జిగురు పట్టాల్సిన చోటే పీచు లేస్తుంది.

అందుకే నా ఓటు పాత హారిజాంటల్ మిల్లింగ్‌కు. ఆర్బర్ మీద 75 మి.మీ. వ్యాసం గల 90 డిగ్రీల డబుల్ యాంగిల్ కట్టర్ ఎక్కించి 1,000 చుట్లు తిప్పితే గాడి అడుగును కోసే అంచే అన్నిటికన్నా వేగంగా, నిమిషానికి 236 మీటర్లు, పోతుంది. సీఎన్‌సీల వైపు అందరూ మళ్లాక ఇలాంటి మిషన్లను అడిగేవాళ్లు తగ్గారు. 1943లో మొదలైన సికింద్రాబాద్ ప్రాగా టూల్స్ లాంటి సంస్థలు చేసిన పాత సరుకు దొరికితే నిదానంగా చూడండి. టేబుల్‌ను నడుమ, రెండు కొసల్లో చేత్తో కదిపి చూడాలి. నడుమ వదులుగా, కొసల్లో బిగువుగా ఉంటే స్లైడు నడుమ అరిగిందని అర్థం. పెయింటు చూసి మాత్రం కొనకండి. ఇప్పటికే షాపులో ఎం1టీఆర్ లాంటి నిలువు మిషన్ ఉంటే పారేయనక్కర్లేదు, దాని తలకు ఒక రౌటర్ మోటారు బిగించుకుంటే పొదుగుడు పనికి హాయిగా సరిపోతుంది.

ఇక బిగింపు. డివైడింగ్ హెడ్డునూ టెయిల్‌స్టాకునూ టేబుల్ మీద విడివిడిగా వాల్చవద్దు. రెండింటినీ ఒకే మందపాటి ఇనుప పలక మీద బిగించి, పలకనే వాల్చండి. వాల్చేముందు సెంటర్ల మధ్య గ్రైండు చేసిన స్టీలు కడ్డీ పెట్టి, పైనా పక్కనా డయల్ నడిపించండి. ముల్లు 0.02 మి.మీ.కు మించి కదలకూడదు. ఆ తర్వాత పలక ఆనే రెండు చోట్ల మధ్య దూరం 500 మి.మీ. అయితే, చేతి వైపు కింద 25 మి.మీ. దిమ్మె పెడితే మనకు కావలసిన ఇరవైకి ఒకటి వాలు వచ్చేస్తుంది. కట్టర్ మొన డివైడింగ్ హెడ్ సెంటర్ మొనకు సూటిగా వచ్చిందో లేదో చూసుకోండి. కర్రను చక్‌లో కాకుండా సెంటర్ల మధ్యే పట్టించి, చేతి వైపు కనీసం 40 మి.మీ. అదనపు పొడవు వదలండి. లేకపోతే కట్టర్ సెంటర్‌ను కొడుతుంది.

డివైడింగ్ హెడ్ నిష్పత్తి నలభైకి ఒకటి. నాలుగు మొనలకు ఒక్కోసారి 10 చుట్లు. హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. దాటిపోతే కొద్దిగా వెనక్కి తెచ్చి ఆపకండి, బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి, అప్పుడే గేరు సందు వల్ల తప్పు రాదు.

మిషన్ నిలిచే నేల సంగతి మీకు నేను చెప్పాలా? డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పలచటి గచ్చు మీద పెట్టిన మిషన్ వేసవిలో లెవెల్ చూపించినా ఆశ్వయుజంలో చూపించదు. లోతుగా తవ్వి, ఇసుక నింపి, ఇనుము కట్టి కాంక్రీటు దిమ్మె పోయించండి. వానాకాలం అయ్యాక తప్పకుండా మళ్లీ లెవెల్ చూడండి. చెక్కపొట్టు గాలిలోని తేమను పట్టుకుని టేబుల్ మీద తుప్పు పుట్టిస్తుంది. రోజూ సాయంత్రం వాక్యూమ్‌తో లాగి నూనెగుడ్డతో తుడవాలి. చెక్క కోసేటప్పుడు కూలెంట్ అసలు వద్దు.

కర్ర దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలో 16 శాతం దాకా నీరు నిలుస్తుంది, 50 శాతం ఉండే ఏసీ హాలులో 9కి దిగుతుంది. శ్రావణంలో మన షాపులో చక్కగా కుదిరిన కర్ర ఏసీ గదికి చేరాక ముడుచుకుంటుంది, కొంచెం వంగుతుంది. గాళ్లు తీశాక, గుండ్రంగా తీసేముందు కర్ర 0.1 మి.మీ. వంగినా అదీ ఇరవై రెట్లే. తలుపులు బిగుతుగా ఉన్న బీరువాలో చిన్న డీహ్యూమిడిఫయర్ పెట్టి కర్రల్ని నిలువుగా వేలాడదీయండి. టిప్ వైపు సన్నబడే ముందు ముక్కను ఒక్కసారిగా తీయకుండా, వారాల విరామంతో ఐదారు విడతల్లో తీయండి. దీనికి దిగుమతి మేపుల్, యాష్ కర్రలే వాడాలి. ఏటికొప్పాక అంకుడు బొమ్మలకు బంగారం, కానీ క్యూకు చాలదు, మెత్తన. వెనుక ముక్కకు మాత్రం మన తుమికి చేవ, ఇరుగుడు, వీణలకు పేరుపడ్డ పనస ఎంతో బాగుంటాయి. టేకు వాడితే అతికించేముందు అసిటోన్‌తో తుడిచి పైనూనె తీయాలి.

మొదటి గాళ్లు ఖరీదైన కర్ర మీద వేయకండి, టేకు ముక్క మీద వేసి కొసలు కొలవండి. నాలుగు మొనలూ సమంగానే ఉండి పొట్టిగా ఉన్నాయంటే గాడి లోతు చాలలేదు. ఎదురెదురు మొనల్లో తేడా వస్తే సెంటర్ పక్కకు ఉంది, ఆ తేడాను 40తో భాగిస్తే ఎంత పక్కకు ఉందో తెలుస్తుంది. ఎత్తులు సరిపోయి మొనల మధ్య ఎడం మాత్రం సమంగా లేకపోతే డివైడింగ్ హెడ్ చుట్లు మళ్లీ లెక్కపెట్టండి.