థోర్: సేద్యగాళ్ళ దేవుడు, కంపెనీ కథానాయకుడు

పురాణపాత్రను తీసుకుని ఎవరైనా కొత్త కథ రాసినప్పుడల్లా మన సాహిత్యసభల్లో ఒకటే వాదం నడుస్తుంది. మూలానికి ద్రోహం జరిగిందని ఒకరంటారు. మూలాన్ని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చునని మరొకరంటారు. ఈ రెండు వాదాలూ అసలు ప్రశ్నను దాటవేస్తాయని నా అభిప్రాయం. మన పురాణాలమీద మనకుండే మమకారం వల్లనో కోపం వల్లనో ఆ ప్రశ్న మసకబారుతుంది. అందుకని మనకు భక్తీ ద్వేషమూ రెండూ లేని ఒక దేవుణ్ణి ఉదాహరణగా తీసుకుంటాను. ఆయన పేరు థోర్. ఉత్తర ఐరోపాలోని నార్స్ ప్రజల పిడుగుల దేవుడు. 2019లో వచ్చిన 'ఎవెంజర్స్: ఎండ్‌గేమ్' చిత్రాన్ని తెలుగు డబ్బింగులో చూసిన మా బడిపిల్లలకు ఆ పేరు బాగా తెలుసు. అయితే వాళ్ళెరిగిన థోర్ అమెరికన్ బొమ్మల కథల థోర్.

అసలు థోర్ ఎవరు? నార్స్ గాథలు మనకు దక్కింది ముఖ్యంగా ఐస్‌లాండు నుంచి. పద్య ఎడ్డా అనే గేయాల సంపుటి 13వ శతాబ్దపు చేతిరాత ప్రతిలో వుంది. గద్య ఎడ్డాను 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ రాశాడు. ఈ స్నోరి సంపన్నుడు, అధికారం చలాయించిన దొర, క్రైస్తవుడు. ఐస్‌లాండు క్రైస్తవం పుచ్చుకుని అప్పటికే రెండు వందల ఏళ్ళు దాటింది. ఈ దేవుళ్ళంతా ట్రాయ్ వైపునుంచి వలస వచ్చిన మనుషులేనని ఆ గ్రంథం ముందుమాట చెబుతుంది. అంటే మనం మూలమనుకుంటున్నదే ఒక తిరగరాత. కల్మషంలేని ఆదిమూలం కోసం వెతకటం వృథా.

అయినా ఆ గేయాల్లో పాతకాలపు సమాజం ఆనవాళ్ళు మిగిలే వున్నాయి. థోర్ తల్లి భూమి. ఆయన రథాన్ని లాగేవి గుర్రాలు కాదు, రెండు మేకపోతులు. ఒక రైతు ఇంట బసచేసిన రాత్రి ఆ మేకపోతుల్నే కోసి ఇంటిల్లిపాదికీ వడ్డించి, తెల్లవారి సుత్తి చూపి వాటిని మళ్ళీ బతికిస్తాడు. స్వీడన్‌లోని ఉప్సలా గుడిలో థోర్ విగ్రహమే నడుమ వుండేదనీ, గాలీ వానా పంటా ఆయన అధీనమని జనం నమ్మేవారనీ 11వ శతాబ్దంలో బ్రెమెన్ నివాసి ఆడమ్ రాశాడు. ఓడిన్ సంగతి వేరు. ఆయన రాజులకూ కవులకూ యుద్ధంలో చచ్చే దొరలకూ దేవుడు.

ఈ తేడాను పట్టి చూపే గేయం ఒకటి పద్య ఎడ్డాలో వుంది. థోర్ కాలినడకన ఒక జలసంధి ఒడ్డుకు వస్తాడు. వీపున బుట్ట, అందులో తిండి. అవతలి ఒడ్డున పడవవాడున్నాడు. మారువేషంలో వున్న ఓడినే అతను. రేవు దాటిస్తే తిండి పెడతానంటాడు థోర్. పడవవాడు ఆయన బట్టల్ని వెక్కిరిస్తాడు. యుద్ధంలో పడిన దొరలు ఓడిన్‌కు చెందుతారు, బానిసజాతి థోర్‌కు చెందుతుందని ఎత్తిపొడుస్తాడు. చివరికి రేవు దాటించనే దాటించడు. థోర్ చుట్టుదారిన నడిచిపోతాడు. ఇద్దరు దేవుళ్ళ తగవులో ఒక వర్గసమాజమే మాట్లాడుతున్నట్టు నాకు వినిపిస్తుంది.

ఇక అమెరికాకు వద్దాం. 1962 ఆగస్టు తేదీతో 'జర్నీ ఇంటూ మిస్టరీ' 83వ సంచికలో మార్వెల్ కంపెనీ థోర్ పుట్టాడు. కథ స్టాన్ లీ, లారీ లీబర్‌లది. బొమ్మలు జాక్ కిర్బీవి. నార్వేకు వెళ్ళిన డొనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరుకు గుహలో ఒక కర్ర దొరుకుతుంది. దాన్ని నేలకేసి కొడితే కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు థోర్ అవుతాడు. బలహీనుడైన మామూలు మనిషిలో దేవుడున్నాడనే ఈ ఊహ మంచిదే. నేను దాన్ని తక్కువ చెయ్యను.

కాని మార్పుల్ని వరసగా చూడండి. పాత గాథల్లో ఓడిన్‌కు రక్తసోదరుడైన లోకి ఇక్కడ థోర్‌కు తమ్ముడయ్యాడు. వర్గాల వైరం పోయి రాజకుటుంబపు కలహం మిగిలింది. సాగాల్లోని ఎర్రగడ్డం పోయి నున్నటి ముఖం, బంగారురంగు జుట్టు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం సుత్తి సంగతి. ఇక్కడ అర్హుడైనవాడే దాన్ని ఎత్తగలడు. పాత కథలో అలాంటి షరతు లేదు. దొంగిలించిన రాక్షసుడి ఇంట్లో వాళ్ళే దాన్ని మోసుకొచ్చి, వధువు వేషంలో వున్న థోర్ వొళ్ళో పెట్టారు. అక్కడది మరుగుజ్జు కమ్మరులు చేసిన పనిముట్టు. ఇక్కడ యోగ్యతాపత్రం. ఆ పత్రం ఇచ్చేదెవరు? రాజైన ఓడిన్. గర్వం అణిగేందుకు కొడుకును కుంటి డాక్టరుగా భూమ్మీదికి పంపింది ఓడినేనని 1968లో ఆ పత్రికే తేల్చింది. అంటే ఆ మామూలు మనిషి కూడా లోపల రాజకుమారుడే. మొదట వున్న మంచి ఊహను కథే వెనక్కి తీసుకుంది.

దీన్ని సామ్రాజ్యవాద సంస్కృతి అని ఒక్కమాటలో కొట్టిపారెయ్యటం తేలిక. కాని ఆ బొమ్మలు గీసిన చెయ్యి ఎవరిదో కూడా చూడాలి. కిర్బీ న్యూయార్కులోని బట్టల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు. లీ, లీబర్ అన్నదమ్ములు. వాళ్ళ నాన్న బట్టలు కత్తిరించే పనివాడు. మువ్వురూ వలసవచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. నార్స్ పురాణాన్ని నాజీలు జాత్యహంకారానికి జెండాగా వాడుకున్నారు. ఆ నాజీలమీద 1944లో ఫ్రాన్స్‌లో పోరాడిన సైనికుడు కిర్బీ. పద్దెనిమిదేళ్ళ తర్వాత అదే పురాణాన్ని పిల్లల చేతికిచ్చాడు. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆయన గీసిన దేవుడి రూపం మాత్రం నాజీలు పొగిడిన రూపానికే దగ్గరగా వుండటం ఆ కళలోని వైరుధ్యం. ఉద్దేశం ఒకవైపు వుంటే, అచ్చుపోసిన మూస మరోవైపు లాగుతుంది.

కిర్బీకి ముట్టింది పేజీకింత అనే కూలి. పాత్రలు కంపెనీ సొత్తు. తన బొమ్మల మూలప్రతుల కోసం ఆయన ఏళ్ళతరబడి పోట్లాడితే 1987లో కొంత భాగం తిరిగొచ్చింది. 1994లో ఆయన పోయాడు. 2009లో డిస్నీ సంస్థ దాదాపు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. వారసుల హక్కుల వ్యాజ్యం కింది కోర్టుల్లో ఓడిపోయి, 2014లో రాజీతో ముగిసింది. ఎడ్డా గేయాలు కట్టినవాళ్ళ పేర్లు మనకు తెలియవు, అవి అందరివీ. కిర్బీ పేరు అందరికీ తెలుసు, పాత్ర మాత్రం కంపెనీది. పాత థోర్ యుగాంతంలో మహాసర్పాన్ని చంపి, తొమ్మిదడుగులు వేసి, దాని విషానికి చనిపోతాడు. కంపెనీ థోర్ ఒకవేళ చచ్చినా చచ్చినట్టే వుండే వీల్లేదు. అతనితో ఇంకా పని వుంది, వచ్చే సంచిక వుంది.

అయినా ఆ మూసలోనే పగుళ్ళు కనిపిస్తాయి. 2014లో జేసన్ ఆరన్ రాసిన కథల్లో, వెనక బ్లేక్ దగ్గర నర్సుగా వున్న జేన్ ఫోస్టర్ సుత్తి ఎత్తుతుంది. ఆమెకు క్యాన్సరు. థోర్‌గా మారినప్పుడల్లా వొంట్లోకి ఎక్కించిన మందు పోతుంది. అక్కడ శక్తికి ఖరీదు వుంది, అది చెల్లించేది ఒక మామూలు స్త్రీ. ఆమె ఎదుర్కొనేవాళ్ళలో చమురు కంపెనీ అధిపతి ఒకడు. రాజకుమారుడి కథకన్నా ఇది పాత థోర్‌కు దగ్గర.

కనుక పురాణాన్ని తిరగరాసే మిత్రులకూ, దాన్ని పరీక్షించే విద్యార్థులకూ నేను చెప్పేదిది: మూలానికి ఎంత దూరం పోయారన్నది కొలత కాదు. త్రిపురనేని రామస్వామి 1920లో 'శంబుకవధ' రాసినప్పుడు దూరమే పోయాడు. పోయింది దెబ్బతిన్నవాడి వైపు. మార్వెల్ కథ కూడా దూరమే పోయింది. ఎక్కువసార్లు సింహాసనం వైపు. పాత్రలోని ఏ బంధాన్ని తెంచారు, ఎవరి మాటను మింగేశారు, లాభం ఎవరికి చేరింది అనే మూడు ప్రశ్నలు వెయ్యండి. మన కృష్ణుల్నీ కర్ణుల్నీ కంపెనీలు బొమ్మల కథలుగా మారుస్తున్న ఈ రోజుల్లో, విమర్శకులు వీటికి సమాధానం వెతక్కుండా బాగుందనీ బాగులేదనీ తీర్పులిచ్చి ప్రయోజనం లేదు.