తుమ్మకాయ చోటులో కంచు

నేను పనిచేసే రేకుల షెడ్డులో కిటికీ గట్టు మీద ఎప్పుడూ ఏవో ఎండుతుంటాయి. తుమ్మకాయలు, మోదుగాకులు, గాలికి రాలిపడ్డ గిజిగాడి గూడు, పండకుండానే నల్లబడి రాయిలా గట్టిపడిన సీతాఫలం. చూడటానికి వచ్చినవాళ్లు చెత్త అనుకుని చీపురు అందుకుంటారు. నా బొమ్మలన్నీ మొదలయ్యేది ఆ గట్టు మీదే.

నాది కంచు పోత పోసే పని. ‘ఆకుని చూస్తూ చెక్కుతారా?’ అని చాలామంది అడుగుతారు. ఎక్కువసార్లు చెక్కను. ఆకునే అచ్చులో పెట్టి కాల్చేస్తాను. అది కాలిపోయి వదిలిన ఖాళీలోకి కంచు పోస్తాను.

తుమ్మకాయ సంగతే తీసుకోండి. గింజకీ గింజకీ మధ్య వేలితో నొక్కినట్టు సన్నబడి, పూసలదండలా ఉంటుంది. దానికి మైనపు కాడలు అతికిస్తాను. వాటిలో ఒకటి కంచు దిగడానికి దారి. మిగతావి లోపలి గాలి బయటికి పోవడానికి. గాలి చిక్కుకున్న చోటికి కంచు చేరదు. తర్వాత ప్లాస్టరూ ఇటుకపొడీ కలిపిన ముద్దను చుట్టూ పోసి, గట్టిపడ్డాక ఒక పగలూ ఒక రాత్రీ బట్టీలో ఉంచుతాను. మైనం కారిపోతుంది. కాయ కాలి బూడిదవుతుంది. ఆ బూడిదను ఊది బయటికి పంపకపోతే కంచు మీద గుంటలు పడతాయి. చివరికి మూసలో వెయ్యి డిగ్రీలు దాటిన కంచును ఆగకుండా ఒకే ధారగా పోయాలి.

ఆకుతో ఇంకో చిక్కు. కాగితమంత పలుచని సందులో కంచు సగం దూరం పోకముందే గడ్డకడుతుంది. అందుకని ఆకు వెనకవైపు కరిగిన మైనం పూసి మందం పెంచుతాను. ముందువైపు ఈనెలు ఒక్కటీ చెరగకుండా కంచులోకి వస్తాయి.

మొదటి ఏడాది తొందరపడి, సరిగా ఆరని అచ్చులో పోశాను. లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై కంచును పైకి చిమ్మింది. ఎడమ ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అచ్చు ఆరిందని నమ్మకం కుదిరాక కూడా ఇంకో పూట బట్టీలోనే ఉంచడం ఆ రోజు నుంచి అలవాటైంది.

మైనం కరిగించి ఆ చోట లోహం పోసే ఈ విద్య కొత్తది కాదు. సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానం అంటారు. ఉచ్ఛిష్టం అంటే ఎంగిలి, తేనె తీసుకోగా మిగిలిన మైనం అని అర్థం. ఇంత చక్కని పేరు మరే పనికీ లేదనిపిస్తుంది నాకు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. నాలాగా అసలు వస్తువునే కాల్చి పోసినవాళ్లూ ఉన్నారు. జర్మనీలో న్యూరెంబర్గ్ కంసాలి వెంజెల్ యామ్నిట్జర్ 1549లో చేసిన వెండి బల్ల అలంకారంలో గడ్డిపోచలు, పూలు నిజమైనవాటి నుంచి పోతపోసినవే. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక మ్యూజియంలో ఉంది.

అయినా నాకు చూడటం నేర్పింది ఉషేగాం. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఈ ఊళ్లోనూ, కెస్లాగూడలోనూ ఓజాల కుటుంబాలు డోక్రా పని చేస్తాయి. గోండుల, కొలాముల దేవతామూర్తులు, గంటలు, నగలు వాళ్ల చేతుల్లోనే తయారవుతూ వచ్చాయి. వాటితోపాటు నెమళ్లు, ఏనుగులు, తాబేళ్లు. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. గుగ్గిలం కలిపిన మైనాన్ని జంతికలు వత్తినట్టు సన్నని తీగలుగా తీసి, ఆ ముద్ద మీద పక్కపక్కనే చుడతారు. ఈకలు, పొలుసులు, కళ్లు అన్నీ ఆ తీగలే. పైన మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ సందులో ఇత్తడి నిండుతుంది.

అక్కడ నేను మైనంతో నెమలిని చేస్తూ పురి దగ్గరే గంటసేపు కూర్చున్నాను. పక్కనున్న తాత చూసి చూసి అన్నాడు: “ముందుగాల కాళ్లు జూడు బిడ్డా. బరువంత యాడ మోస్తున్నదో తెలిస్తెనే పక్షి నిలవడ్తది.” నా నెమలి నిజంగానే ముందుకు వాలిపోతోంది. పురి తీసేసి మళ్లీ కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాను. తర్వాత కొన్నాళ్లపాటు కొంగల్నీ కోళ్లనీ నడుం కింది నుంచే చూశాను. ఇప్పుడు తుమ్మకాయ చేతికి తీసుకున్నా ముందు వెతికేది అది కొమ్మకు ఏ వంపుతో వేలాడిందనేదే. కాల్చాక మళ్లీ చూద్దామంటే ఆ కాయ ఉండదు. కాబట్టి రెండు మూడు రోజులు దాన్ని ఊరికే చూస్తూ కూర్చుంటాను.

బయటికి తీసి తోమిన కంచు బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు నాకు నచ్చదు. గంధకపు ద్రావణంతో గోధుమరంగు తెప్పిస్తాను, కొన్నిటికి అమ్మోనియా ఆవిరి పట్టించి పచ్చనీలం తెప్పిస్తాను. ఎండిన కాయ తళతళలాడితే అది అబద్ధం.

ఉషేగాం ఓజాలు చేసే ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడైనా డోక్రా నెమలి కనిపిస్తే చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూడండి. మైనపు తీగ వరసలు వేలికి తగలాలి. పక్కనే ఇంకో నెమలి ఉంటే రెండూ కలిపి చూడండి. బొమ్మ బొమ్మకీ అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి చేతితో చేసినవి రెండు అచ్చంగా ఒకేలా ఉండవు. గీత గీతా కలిసిపోతే అనుమానించండి. తేడా కనిపిస్తే మాత్రం బేరమాడకండి, అడిగిన ధర ఇచ్చి తీసుకోండి.